హెచ్‌4 ఈఏడీతో ఇంట్లో డేకేర్: కాగితాల కంటే ముందు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకోండి

ప్రశ్న టూకీగా ఇది. కాలిఫోర్నియాలో, శాన్ రమోన్‌లో అద్దె టౌన్‌హోమ్‌లో ఉంటున్న ఒక సోదరి అడిగారు. హెచ్‌4 ఈఏడీ (హెచ్‌1బీ వాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి కార్డు) చేతికొచ్చింది, మూడేళ్ల బాబు ఉన్నాడు, ఇంట్లోనే లైసెన్స్‌తో డేకేర్ పెట్టుకోవాలని ఉంది. లైసెన్స్ వస్తుందా? ఇంటి ఓనర్ ఒప్పుకుంటారా? ఖర్చెంత, మిగిలేదెంత? వచ్చే నెల ఇండియా నుంచి అత్తగారు వస్తున్నారు, ఆవిడ సాయం ఉంటే ఇద్దరం కలిసి నడపగలమా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. లైసెన్స్ వస్తుంది. అద్దె ఇల్లయినా వస్తుంది, ఓనర్ వద్దనడానికి వీల్లేదు. ఖర్చు మీరు భయపడుతున్నంత ఉండదు. కానీ అత్తగారి సాయం మీద లెక్క వేసుకోకండి. ఆవిడ రాకే మీరు అన్నిటికంటే ముందు ఆలోచించాల్సిన విషయం.

నేను ఈస్ట్ బేలో (శాన్ రమోన్ ఉన్న ప్రాంతమే) తొమ్మిదేళ్లుగా ఇంట్లో డేకేర్ నడుపుతున్నాను. మొదటి మూడేళ్లు చిన్న లైసెన్స్, తర్వాత పెద్దది. మీలాగే హెచ్‌4 ఈఏడీతోనే మొదలుపెట్టాను. నేను చెప్పేదంతా కాలిఫోర్నియాకే వర్తిస్తుంది. టెక్సాస్, న్యూజెర్సీలో రూల్స్ వేరు, అక్కడి స్నేహితులు చెప్పింది ఇక్కడ పనికిరాదు.

ముందు వీసా సంగతి. 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ వల్ల, భర్తకి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయిన హెచ్‌4 వాళ్లు (ఇంకొన్ని సందర్భాల్లో కూడా) ఈఏడీ తీసుకోవచ్చు. దాంతో ఉద్యోగం చేయొచ్చు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. కాబట్టి మీకు అడ్డేమీ లేదు. అయితే ఈఏడీ గడువు తీరిన రోజున డేకేర్ ఆపాల్సిందే. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్స్‌కి, అంతకుముందు ఉన్న ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ లేదు. అందుకే గడువుకు ఆరు నెలల ముందే రెన్యువల్ వేసేయండి. కార్డు ఆలస్యమైతే మూసేయాల్సి వస్తుందని పేరెంట్స్‌తో రాసుకునే కాంట్రాక్ట్‌లో కూడా ఒక లైను పెట్టండి. నాకు ఒకసారి కార్డు ఆలస్యమై ఐదు వారాలు మూసేయాల్సి వచ్చింది. నలుగురు పిల్లల్లో ఇద్దరు వేరే చోట చేరిపోయారు, వాళ్లని తప్పు పట్టలేను.

మీ వారు హెచ్‌1బీ మీద ఉన్నారు కాబట్టి ఆయన్ని అసిస్టెంట్‌గా రాయకండి. ఆయన పని చేయాల్సింది తన కంపెనీకే. అత్తగారు వచ్చేది విజిటర్ వీసా మీద. జీతం ఇవ్వకపోయినా సరే, వ్యాపారంలో ఆవిడ చేత పిల్లల పని చేయించడం వీసాకి చిక్కు. దీని మీద మాత్రం ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్క గంట మాట్లాడండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇక లైసెన్స్ వైపు నుంచి చూస్తే అత్తగారి విషయం ఇంకా ముఖ్యం. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర సోషల్ సర్వీసెస్ శాఖలోని కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ విభాగం. వాళ్ల దృష్టిలో లైసెన్స్ మీ ఒక్కరికి సంబంధించింది కాదు. ఆ ఇంట్లో నివసించే 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ లైవ్ స్కాన్ వేలిముద్రలు ఇచ్చి క్లియరెన్స్ తెచ్చుకోవాలి. వారం రోజులు చుట్టపుచూపుగా వచ్చేవాళ్ల సంగతి వేరు. ఆర్నెల్లు ఉండే అమ్మానాన్నలు, అత్తామామలు ఇంట్లో ఉంటున్నట్టే లెక్క. క్లియరెన్స్ లేని మనిషి ఇంట్లో ఉన్నట్టు తేలితే రోజుకు 100 డాలర్ల చొప్పున జరిమానా పడుతుంది, పైగా అది మీ రికార్డులో ఉండిపోతుంది. ఆ రికార్డు ఏ పేరెంట్ అయినా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

నాకు తెలిసిన ఒకావిడ ఇలాగే ఇబ్బంది పడ్డారు. నాన్నగారు ఫిబ్రవరిలో వచ్చారు, వేలిముద్రల ఊసు ఎవరికీ గుర్తు లేదు. మార్చిలో ఒక ఉదయం చెప్పకుండా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు. హాల్లో పెద్దాయన పేపర్ చదువుకుంటూ కూర్చున్నారు. ఆయన ఎవరు, ఎప్పుడొచ్చారు, క్లియరెన్స్ ఏది అని అడిగారు. ఆ రోజే ఆయన్ని వేరే చోటికి పంపాల్సి వచ్చింది. ఏడాదికోసారి బిడ్డను చూసుకోవడానికి వచ్చిన మనిషి, స్నేహితుల ఇంట్లో రెండు వారాలున్నారు. ఆ బాధ మీకు రాకూడదనే ఇంత గట్టిగా చెప్తున్నాను. అత్తగారు పాస్‌పోర్ట్‌తో లైవ్ స్కాన్‌కి వెళ్లొచ్చు. అయితే క్లియరెన్స్ ఇంట్లోకి రాకముందే ఉండాలి. టికెట్ బుక్ చేసే ముందే మీ లైసెన్సింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి, వచ్చిన మొదటి రోజుల్లో ఎక్కడుండాలో కనుక్కోండి.

టీబీ పరీక్ష కూడా ఇంట్లోని పెద్దవాళ్లందరికీ కావాలి. మనకి చిన్నప్పుడు బీసీజీ టీకా వేసి ఉంటారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్షలో తరచూ పాజిటివ్ చూపిస్తుంది. టెన్షన్ పడకుండా మొదటే రక్తపరీక్ష చేయమని డాక్టర్‌ని అడగండి, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు. మీకు తట్టు, కోరింత దగ్గు టీకాల రుజువు కూడా కావాలి. చిన్ననాటి టీకా కార్డు ఊళ్లో ఏ బీరువాలో ఉందో వెతికించే పని లేదు. తట్టుకి టైటర్ అనే రక్తపరీక్ష చాలు, కోరింత దగ్గుకి టీడ్యాప్ టీకా మళ్లీ వేయించుకుంటే సరిపోతుంది. ఫ్లూ టీకా వద్దనుకుంటే ఏటా రాసిచ్చే వీలుంది.

ఓనర్ సంగతి. 2020 జనవరి 1 నుంచి ఎస్‌బీ 234 అనే చట్టం ఉంది. ఇంట్లో నడిపే డేకేర్, చిన్నదైనా పెద్దదైనా, ఆ ఇంటిని ఇల్లుగా వాడుకోవడంగానే చూడాలి అంటుంది. సిటీ వాళ్లు జోనింగ్ పర్మిట్ అడగకూడదు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఆపకూడదు, లీజులో వ్యాపారం చేయకూడదని రాసి ఉన్నా అది డేకేర్‌కి చెల్లదు. మీరు చేయాల్సింది, మొదలుపెట్టడానికి 30 రోజుల ముందు ఓనర్‌కి రాతపూర్వకంగా తెలియజేయడం. అందుకు ఎల్‌ఐసీ 9151 అనే ఫారం ఉంది. చట్టం ఒప్పుకునేంత వరకు డిపాజిట్ పెంచమని అడిగే హక్కు ఓనర్‌కి ఉంది. ఆరుగురు దాటి ఎనిమిది మంది దాకా తీసుకోవాలంటే మాత్రం ఓనర్ సంతకం తప్పనిసరి.

చట్టం మన వైపే ఉందని ఫారం పోస్టులో పడేయకండి. నేను మొదటి ఓనర్‌ని కాఫీకి పిలిచి, ఏ గది వాడతానో, గోడలకి ఏం చేస్తానో, ఇన్సూరెన్స్ ఎంత తీసుకుంటున్నానో చూపించాను. నాలుగేళ్లున్నాం, ఒక్క మాట రాలేదు. ఇంకో విషయం, లైసెన్స్ మీ పేరుకీ ఆ చిరునామాకీ కలిపి ఇస్తారు. ఇల్లు మారితే మళ్లీ దరఖాస్తే. వచ్చే ఏడాది ఇల్లు కొనే ఆలోచన ఉంటే అది కూడా చూసుకుని మొదలుపెట్టండి.

ఎంతమంది పిల్లలు? అందరూ పొరబడేది ఇక్కడే. చిన్న లైసెన్స్‌లో రెండేళ్ల లోపు పిల్లలు మాత్రమే అయితే నలుగురు. కలిపి అయితే ఆరుగురు, అందులో రెండేళ్ల లోపు వాళ్లు ముగ్గురికి మించకూడదు. ఎనిమిది మంది కావాలంటే రెండేళ్ల లోపు వాళ్లు ఇద్దరికి మించకూడదు. ఒకరు బడికి వెళ్లే పిల్లలై ఉండాలి, ఇంకొకరికి ఆరేళ్లు నిండి ఉండాలి. మీ ఇంట్లో ఉండే పదేళ్ల లోపు సొంత పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. అంటే మీ బాబు పోగా ఫీజు ఇచ్చే పిల్లలు ఐదుగురే. రెండోసారి కడుపు పండితే ఆ పసిబిడ్డ కూడా రెండేళ్ల లోపు కోటాలో ఒకరు.

ఏడాది అనుభవం తర్వాత పెద్ద లైసెన్స్‌కి వెళ్లొచ్చు. అది పన్నెండు మందికి, కొన్ని షరతులతో పద్నాలుగు మందికి. దానికి ఫైర్ క్లియరెన్స్, అసిస్టెంట్ కావాలి. ఇప్పుడే దాని గురించి ఆలోచించకండి.

కాగితాల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆన్‌లైన్‌లో ఓరియంటేషన్ వినాలి. పిల్లల సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకోవాలి, ప్రతి రెండేళ్లకీ మళ్లీ. ఆరోగ్య జాగ్రత్తల మీద 8 గంటల శిక్షణ ఒకసారి. పిల్లల మీద హింస జరుగుతున్నట్టు అనుమానం వస్తే ఎలా తెలియజేయాలన్న మాండేటెడ్ రిపోర్టర్ శిక్షణ ఆన్‌లైన్‌లో ఉచితం. చిన్న లైసెన్స్ దరఖాస్తు రుసుం 73 డాలర్లు, తర్వాత ఏటా అంతే. అగ్నిమాపక సిలిండర్, పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, మెట్లకి గేట్లు, క్రిబ్‌లు (పసిపిల్లల మంచాలు), తాళాలు, బొమ్మలు, శిక్షణలు అన్నీ కలిపి నాకు అప్పట్లో 1,900 డాలర్లయింది. ఓరియంటేషన్ నుంచి లైసెన్స్ చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ప్రతి కౌంటీలో రిసోర్స్ అండ్ రెఫరల్ ఏజెన్సీ ఉంటుంది. వాళ్లు కొత్తగా పెట్టేవాళ్లకి దరఖాస్తు నింపడంలో సాయం చేస్తారు, పేరెంట్స్ అడిగితే మీ పేరు చెప్తారు. చాలామంది వాళ్ల దగ్గరికి వెళ్లకుండా డబ్బిచ్చి కన్సల్టెంట్లని పెట్టుకుంటున్నారు, ఆ అవసరం లేదు.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. లయబిలిటీ ఇన్సూరెన్స్ గానీ బాండ్ గానీ లేకపోతే, ఆ సంగతి తమకు తెలుసని ప్రతి పేరెంట్ చేత సంతకం పెట్టించుకుని కూడా నడపొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. నేను మాత్రం వద్దనే చెప్తాను. ఇంటి మామూలు ఇన్సూరెన్స్ డేకేర్‌లో జరిగిన దెబ్బకి వర్తిస్తుందని అనుకోకండి.

ఇప్పుడు ఇన్‌స్పెక్షన్. తుపాకులు, స్విమ్మింగ్ పూల్ లాంటివి ఓరియంటేషన్‌లో చెప్తారు. మన ఇళ్లలో ఉండేవి అందులో చెప్పరు కాబట్టి అవి నేను చెప్తాను. నా మొదటి ఇన్‌స్పెక్షన్‌కి ముందు కిచెన్ సింకు కింద నుంచి గరాజ్ దాకా అన్నిటికీ తాళాలు వేశాను. వచ్చినావిడ అన్నీ చూసి, హాలు మూలన ఉన్న దేవుడి మందిరం ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. కింది అరలో కర్పూరం డబ్బా, అగ్గిపెట్టె, దీపం నూనె, కుంకుమ. తెల్లటి కర్పూరం బిళ్లని చేతిలోకి తీసుకుని ఇదేమిటని అడిగారు. చెప్పాను. రెండేళ్ల బిడ్డకి ఇది చాక్లెట్‌లా కనిపిస్తుంది కదా అన్నారు. నాకు చెమట పట్టింది. కర్పూరం కొంచెం మింగినా చిన్న పిల్లలకి ఫిట్స్ వస్తాయి. రెండేళ్లుగా నా కూతురు పాకిన నేల అది. అదే రోజు మందిరాన్ని మా పడకగదిలోకి మార్చి, ఆ గదికి తాళం పెట్టాను. ఇప్పటికీ పిల్లలు వెళ్లాకే దీపం వెలిగిస్తాను.

అలాగే ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ల హ్యాండ్‌బ్యాగ్. బీపీ, షుగర్ మాత్రలు అందులోనే ఉంటాయి, ఆ బ్యాగ్ మంచం మీదే ఉంటుంది. దానికీ తాళం కావాల్సిందే.

అన్నిటికంటే కష్టమైన రూల్ నిద్ర. ఏడాది లోపు బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. క్రిబ్‌లో బిగుతుగా ఉండే షీటు తప్ప ఇంకేమీ ఉండకూడదు. దిండు లేదు, దుప్పటి లేదు, గుడ్డలో చుట్టి పడుకోబెట్టడం లేదు. చీర ఉయ్యాల కుదరదు, తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కుదరదు. కారు సీట్లో నిద్రపోయిన బిడ్డని తీసి క్రిబ్‌లోకి మార్చాలి. ప్రతి 15 నిమిషాలకు దగ్గరికి వెళ్లి ఊపిరి, ఒంటి రంగు చూసి, టైమ్ వేసి రాయాలి.

ఒక ఐదు నెలల పాప వచ్చింది. పుట్టినప్పటి నుంచీ అమ్మమ్మ ఉయ్యాల్లోనే నిద్రపుచ్చేవారు. ఆవిడ ఇండియా వెళ్లిపోయే ముందు నాకు అప్పగించడానికి వచ్చారు. చేతిలో ఆవాల దిండు, పాప మెడలో నల్లపూసల దిష్టి తాడు, కళ్లకి కాటుక. మూడూ వద్దని చెప్పాలి. అంత ప్రేమగా తెచ్చిన మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు. ఆవిడని లోపల కూర్చోబెట్టి, ఖాళీ క్రిబ్ చూపించి, ఎందుకో నెమ్మదిగా వివరించాను. దిండు మీద ముఖం ఒరిగితే అంత పసిబిడ్డ తిప్పుకోలేదు. తాడు దేనికైనా తగులుకుంటే బిగుసుకుంటుంది. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, అది కంటి నుంచి చేతికి, చేతి నుంచి నోటికి పోతుంది. ఆవిడ తాడు తీసి తన కొంగుకి ముడేసుకున్నారు. పాప మొదటి నాలుగు రోజులు మధ్యాహ్నం అరగంట కూడా నిద్రపోలేదు. నేను క్రిబ్ పక్కన నేల మీద కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసి జో కొట్టేదాన్ని. ఐదో రోజు గంటన్నర పడుకుంది. ఆ గంటన్నరలో ఆరుసార్లు లేచి చూసి రాసుకున్నాను, ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

తెలుగు పేరెంట్స్ మన దగ్గరికి వచ్చేదే ఇంటి తిండి కోసం, మన మాట కోసం. పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ హాయిగా పెట్టొచ్చు. ఫెడరల్ ప్రభుత్వ ఫుడ్ ప్రోగ్రామ్ ఒకటి ఉంది, సీఏసీఎఫ్‌పీ అంటారు. అందులో చేరితే పిల్లలకి పెట్టిన భోజనాలకి కొంత తిరిగి ఇస్తారు. పప్పు, పెరుగు రెండూ అందులో మాంసానికి బదులుగా లెక్కకొస్తాయి. ప్రతిరోజూ ఏం పెట్టారో, ఎవరు తిన్నారో రాయాలి. ఏడాది లోపు బిడ్డకి తేనె చుక్క కూడా వద్దు. వస, వాము నీళ్లు, గ్రైప్ వాటర్ లాంటివి వాళ్లింట్లో ఇస్తారేమో, మన దగ్గర రాతపూర్వక అనుమతి లేకుండా ఏదీ ఇవ్వకండి.

మిగిలేదెంత అన్నారు. ఊరిని బట్టి ఫీజులు మారతాయి కాబట్టి మీ చుట్టుపక్కల ఐదారు చోట్ల అడిగి తెలుసుకోండి. నేను చెప్పగలిగేది లెక్క వేసే పద్ధతి. ఐదుగురు పిల్లలు అనుకోకండి, మొదటి ఏడాదికి ముగ్గురే అనుకోండి. వచ్చిన దాంట్లోంచి తిండి, ఇన్సూరెన్స్, సామాన్లు తీసేయండి. మిగిలిన లాభం మీద మామూలు ఇన్‌కమ్ టాక్స్ కాకుండా 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ ఉంటుంది. ఉద్యోగం చేసినవాళ్లకి ఇందులో సగం కంపెనీ కడుతుంది, మనకి మొత్తం మనమే.

అయితే డేకేర్ వాళ్లకి ఒక మంచి వెసులుబాటు ఉంది. ఇంటి ఖర్చుని టాక్స్ లెక్కలో తగ్గించుకోవాలంటే మామూలుగా ఆ గదిని వ్యాపారానికి మాత్రమే వాడాలి. డేకేర్‌కి ఆ షరతు లేదు, లైసెన్స్ ఉంటే లేదా దరఖాస్తు పెట్టి ఉంటే చాలు. ఉదాహరణకి 1,600 చదరపు అడుగుల ఇంట్లో 1,000 అడుగులు పిల్లలకి వాడుతున్నారు, అది 62.5 శాతం. రోజుకి 11 గంటలు, వారానికి 5 రోజులు, ఏడాదికి 50 వారాలు అంటే 2,750 గంటలు. ఏడాదిలో ఉండే 8,760 గంటల్లో అది 31.4 శాతం. రెండూ గుణిస్తే దాదాపు 20 శాతం. మీ అద్దె, కరెంటు, నీళ్ల బిల్లుల్లో ఐదో వంతు ఖర్చు కింద చూపించొచ్చు. గంటలు రాసుకునే అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

డబ్బు విషయంలో ఇంకో రెండు సంగతులు. నాలుగేళ్లు నిండిన పిల్లలందరికీ 2025-26 నుంచి ప్రభుత్వ బడుల్లో టీకే (కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది తరగతి) ఉచితం. సెప్టెంబర్ 1కి నాలుగు నిండితే చాలు. అందుకే ఆగస్టు వచ్చేసరికి పెద్ద పిల్లలు వెళ్లిపోతారు. నాకు ఒకే ఆగస్టులో ముగ్గురు వెళ్లారు. ఇకమీదట ఇంటి డేకేర్ నిలబడేది రెండు మూడేళ్ల లోపు పిల్లలతోనే, ప్లాన్ అలా వేసుకోండి.

రెండోది ఇండియా ట్రిప్. మన పేరెంట్స్ డిసెంబర్‌లోనో వేసవిలోనో ఆరు వారాలు వెళ్తారు. ఆ నెలన్నర ఫీజు ఇవ్వాలా వద్దా అన్నది కాంట్రాక్ట్‌లో రాసి ఉండాలి. మనవాళ్లే కదా అని మొహమాటపడి నేను మొదటి ఏడాది రాయలేదు. డిసెంబర్‌లో నలుగురిలో ముగ్గురు ఇండియాలో ఉన్నారు, నా అద్దె మాత్రం ఎప్పటిలాగే కట్టాను. ఇప్పుడు సగం ఫీజు ఇస్తే సీటు ఉంచుతానని రాసుకుంటాను. ఇన్నేళ్లలో దీని మీద ఎవరూ గొడవ పడలేదు.

చివరిగా, మీకు ఒంటరిగా ఉండే శక్తి ఉందా అన్నది ఆలోచించండి. లైసెన్స్ ఉన్నవాళ్లు పిల్లలు ఉన్న సమయంలో ఇంట్లోనే ఉండాలి. బయటికి వెళ్లాల్సి వస్తే క్లియరెన్స్ ఉన్న పెద్దవాళ్లని పెట్టాలి, అదీ రోజులో 20 శాతం సమయం మించకూడదు. మీ బాబుకి జ్వరం వచ్చిన రోజు ఏం చేస్తారు? అతను తన బొమ్మలు వేరే పిల్లలు తీసుకుంటున్నారని, అమ్మ ఇంకొకరిని ఎత్తుకుందని ఏడుస్తాడు. నా కూతురు మొదటి రెండు నెలలు అలాగే ఏడ్చింది. పైగదిలో ఒక అర తన ఒక్కదానికే ఇచ్చాను, ఆ బొమ్మలు ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాను. అప్పటి నుంచి కాస్త కుదుటపడింది.

ఈ వారం మీరు చేయాల్సింది రెండే. ఓరియంటేషన్‌కి పేరు నమోదు చేసుకోండి. మోకాళ్ల మీద పాకుతూ ఇల్లంతా ఒకసారి తిరగండి, ఆ ఎత్తు నుంచి మీ చేతికి ఏమేం అందుతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ జాబితాతో మళ్లీ రాస్తే, ఏది ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కటీ చెప్తాను.